ప్రవరుడు అడగని ప్రశ్న

ప్రయాణంలో ఒక చిన్న వివరం మరిచిపోతే పెద్ద కథ పుడుతుందన్న సంగతి సాహిత్యానికి కొత్త కాదు. కాలికి పూసుకున్న పసరు, వేలికి తొడుక్కున్న ఉంగరం, ఎక్కవలసిన బండి - ఏదో ఒకటి జ్ఞాపకం నుంచి జారిపోతుంది. మనిషి అనుకోని చోట నిలబడిపోతాడు. కథ అక్కడ మొదలవుతుంది. ఇటీవల యాత్రారచనలను మెచ్చుకునేవాళ్లు ఈ పాత సంగతికి కొత్త మెరుగు పెడుతున్నారు. దారి తప్పడమే అసలైన యాత్ర అనీ, లెక్క చూసుకుని బయలుదేరేవాడు యాత్రికుడే కాడనీ, మరుపులోనే స్వేచ్ఛ వుందనీ అంటున్నారు. వినడానికి బాగానే వుంది. కాని ఆ స్వేచ్ఛ ఎవరిది? దారి తప్పినవాడు ఇంటికి ఎలా చేరాడు? చేరడానికి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఈ ప్రశ్నలు వేయకుండా ప్రయాణ సాహిత్యానికి విలువ కట్టడం కుదరదు. సాహసం అనే మాటను మనం చాలా చౌకగా వాడుతున్నాం. దాని అసలు ధర ఎంతో చూడటమే ఈ వ్యాసం వుద్దేశం.

ఈ ప్రశ్నలతో మొదట పరీక్షించవలసిన తెలుగు కావ్యం మనుచరిత్ర. దీన్ని రాసిన అల్లసాని పెద్దన కృష్ణదేవరాయల (1509-1529) ఆస్థానకవి. రాయలు ఆయనకు అగ్రహారంగా ఇచ్చాడని చెప్పే కోకటం కడప జిల్లాలో కమలాపురం దగ్గర వుంది. అంచేత సీమవాళ్లకు ఈ కావ్యంతో నేల సంబంధం కూడా వుంది. కథ అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. వరణానది ఒడ్డున అరుణాస్పదపురంలో ప్రవరుడనే గృహస్థు వున్నాడు. నిష్ఠాపరుడు. అతనికి ఒకే ఒక్క తపన, తీర్థాలు చూడాలని. ఇల్లు కదల్లేడు కనుక వచ్చిపోయే యాత్రికులను పిలిచి అన్నం పెట్టి, ఎక్కడెక్కడికి వెళ్లారో, ఏమేం చూశారో ఆరా తీస్తుంటాడు. ఒకనాడు ఒక సిద్ధుడు వచ్చి అతని కాళ్లకు పసరు పూసిపోయాడు. ప్రవరుడు క్షణంలో హిమాలయం చేరాడు. కొండ చూస్తూ తిరిగాడు. మధ్యాహ్నమైంది. ఇంటికి పోదామనుకునేసరికి పసరు మంచునీటికి కరిగిపోయి వుంది. అక్కడ చిక్కుకున్న మనిషికి వరూధిని కనిపించింది. ఆమె కోరింది, ఇతను కాదన్నాడు. అగ్నిని ప్రార్థించి ఇంటికి చేరాడు. తర్వాత ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి వరూధినిని మోసం చేశాడు. ఆమె కడుపున స్వరోచి పుట్టాడు. అతని కొడుకు స్వారోచిష మనువు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ప్రవరుడు అజాగ్రత్తపరుడు కాడు. వేళ తప్పితే విలవిల్లాడే మనిషి. యాత్రల గురించి జీవితమంతా ప్రశ్నలు వేసినవాడు. ఆ సిద్ధుణ్ణి కూడా వదల్లేదు. ఇంత చిన్న వయసులో ఇన్ని దేశాలు ఎలా చూశావని నిలదీశాడు. పోవడం ఎలాగో అడిగి తెలుసుకున్నాడు. తిరిగి రావడం ఎలాగో అడగడం మరిచిపోయాడు. పసరు ఎంతసేపు నిలుస్తుంది, తడి తగిలితే ఏమవుతుంది అన్న ఒక్క ప్రశ్న అడిగివుంటే మనుచరిత్ర లేదు, మనువూ లేడు. వివరాలు సేకరించడంలో అంత ఆసక్తి వున్నవాడే ఆ ఒక్క వివరం దగ్గర ఎందుకు తప్పాడు? అతను అంతవరకు సేకరించినవన్నీ ఇతరుల ప్రయాణాల వివరాలు. విన్నవాడికి తిరుగుదారి అక్కర్లేదు. అరుగుమీద కూర్చునే వింటాడు కదా! వినడానికీ వెళ్లడానికీ మధ్య వున్న తేడా అతని కాళ్లకు మంచు తగిలాకగాని తెలియలేదు.

ఈ మలుపు పెద్దన కల్పన కాదు. మార్కండేయ పురాణంలోనే వుంది. మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణంలోనూ వుంది. మరి పెద్దన చేసిందేమిటి? పురాణంలో చప్పున దాటిపోయే చోట ఆయన నిలబడి హిమాలయాన్ని వర్ణించాడు. ప్రబంధాల్లో వర్ణనలు కథకు అడ్డుపడే బరువులని మనలో చాలామంది అభిప్రాయం. చాలాచోట్ల ఆ అభిప్రాయం నిజం కూడా. ఇక్కడ మాత్రం కాదు. వాగులు, ఏనుగులు, లోయలు, ఎండకు మెరిసే శిఖరాలు చూస్తూ పాఠకుడు కూడా ప్రవరుడి పాదాల సంగతి మరిచిపోతాడు. ఇంటికి పోవాలన్న మాట వచ్చినప్పుడు ఇద్దరూ ఒక్కసారే వులిక్కిపడతారు. అంటే ఈ వర్ణన మరుపును చెప్పడం లేదు, మరుపును కలిగిస్తున్నది. వస్తువుకూ శిల్పానికీ పొందిక అంటే ఏమిటో విద్యార్థులకు చూపించడానికి ఇంతకన్నా మంచి వుదాహరణ ప్రబంధయుగంలో అరుదు.

ఇంకొక సంగతి. పసరు మాయ వస్తువే. కాని అది పోయింది మాయ వల్ల కాదు. ఎండ ఎక్కింది, మంచు కరిగింది, నీళ్లు తగిలాయి, పసరు పోయింది. ఏ ముని శాపమూ లేదు, ఏ దేవుడి ఆగ్రహమూ లేదు. అద్భుతం నడిమధ్యలో ఒక భౌతిక నియమం పనిచేసింది. శాకుంతలంతో పోల్చి చూడండి. అక్కడ కూడా ప్రయాణమే. శచీతీర్థంలో శకుంతల ఉంగరం నీళ్లలో జారిపోయింది. కాని ఆ జారిపోవడం వెనక దుర్వాసుడి శాపం వుంది. దుష్యంతుడి మరుపుకు బాధ్యత శాపం మీదికి పోయింది, రాజు బయటపడ్డాడు. ప్రవరుడికి ఆ వెసులుబాటు లేదు. తన పొరపాటు తనదే. ఆ మేరకు పెద్దన కథ కాళిదాసు కథకన్నా లోకానికి దగ్గరగా వుంది.

ఈ ఘట్టాన్ని ఇంతకాలం మనవాళ్లు రెండు రకాలుగా చదివారు. సంప్రదాయవాదులకు ఇది ఇంద్రియ నిగ్రహ పాఠం. పసరు కరగడం పరీక్ష, వరూధిని ప్రశ్నాపత్రం, అగ్ని వచ్చి పాస్ చేయడం ఫలితం. మన శిబిరంలో కొందరికి ఇది రాజుల కొలువులో పుట్టిన భూస్వామ్య వినోదం, పక్కన పెట్టేయాల్సిన సరుకు. మొదటి చదువు కథలోని మనుషులను మరిచింది. రెండోది కథనే మరిచింది. ప్రాచీన సాహిత్యాన్ని మొత్తంగా తిరస్కరించడం అభ్యుదయం కాదు. అందులో ఏ శ్రమ కనబడుతున్నది, ఏ శ్రమ కనబడకుండా పోయింది అని వెతకడమే మన పని.

అలా వెతికితే ఏం కనబడుతుంది? ప్రవరుడి యాత్రల పిచ్చికి పెట్టుబడి అతని భార్య పొయ్యి దగ్గర వుంది. ఎందరు అతిథులు వచ్చినా, ఏ వేళకు వచ్చినా వండిపెట్టేది ఆమె. ఆ అన్నం తిన్న యాత్రికులే అతనికి దేశదేశాల కబుర్లు చెప్పారు. ఆమె ఏ తీర్థానికీ పోలేదు. ఆమె కాళ్లకు పసరు పూస్తానని ఏ సిద్ధుడూ అనలేదు. ఇక వరూధిని. ప్రవరుడు చిక్కుకున్నది ఆమె వల్ల కాదు, తన మరుపు వల్ల. కాని అతను ఒక్క పూటలో బయటపడ్డాడు. పుట్టినింటి నుంచి నిత్యం కొలిచిన అగ్ని అతనికి అక్కరకు వచ్చింది. ఆమె మాత్రం విరహంలో, ఆ తర్వాత గంధర్వుడి మోసంలో చిక్కుకుంది. తాను ఎవరితో వున్నదో కూడా ఆమెకు తెలియదు. సాహసం అతని పేరుమీద చెల్లింది, మూల్యం ఆమె ఖాతాలో పడింది. పెద్దన ఈ మాట ఇలా అనలేదు. అనడని కూడా తెలుసు. కాని ఆమె దుఃఖానికి ఆయన ఇచ్చిన చోటు తక్కువది కాదు. కవి సానుభూతి కవి దృక్పథాన్ని దాటి ముందుకు పోయిన చోటు అది.

దీన్నుంచి ఒక సూత్రం తీయవచ్చు. మరుపు ఒక్కటే కథను పుట్టించదు. మరుపు వల్ల తిరుగుదారి మూసుకుపోయినప్పుడు కథ పుడుతుంది. ఆ దారి మళ్లీ ఎలా, ఎవరి ఖర్చుతో తెరుచుకుందో అన్నదాన్ని బట్టి అది సాహసమో, హాస్యమో, విషాదమో తేలుతుంది.

ఈ సూత్రం బయటి సాహిత్యానికీ పనికివస్తుందేమో చూద్దాం. 1873లో పుస్తకంగా వచ్చిన జూల్స్ వెర్న్ నవల ఎనభై రోజుల్లో భూప్రదక్షిణం మొత్తం మరిచిన వివరాల మీదే నడుస్తుంది. నౌకరు పాస్‌పర్తూ లండన్ ఇంట్లో గ్యాస్ దీపం ఆర్పడం మరిచాడు. బొంబాయిలో బూట్లతో గుడిలోకి పోయాడు. బొంబాయి నుంచి కలకత్తా దాకా రైలుమార్గం పూర్తయిందని పత్రికలు రాశాయి, నడుమ కొంత మేర పట్టాలే లేవు. చివరికి తూర్పు దిక్కుగా తిరిగితే ఒక రోజు కలిసివస్తుందన్న సంగతి యజమాని ఫాగ్ కూడా మరిచాడు. పట్టాలు లేనిచోట ఏనుగును కొన్నాడు, ఆ దారిలోనే అవుదాను చితి నుంచి తప్పించారు. అంతా వుత్సాహంగా వుంటుంది. ఎందుకు? ఫాగ్ సంచీలో 20 వేల పౌన్లు వున్నాయి. వెనక బ్రిటిష్ సామ్రాజ్యం వుంది. ప్రవరుడికి అగ్ని ఎలాగో ఫాగ్‌కు ఆ సంచీ అలాగ. ఇంకో సంగతి చూడండి. గ్యాస్ ఖర్చు మాత్రం నౌకరే కట్టుకోవాలి! యజమాని మరిస్తే పందెం గెలుస్తాడు, నౌకరు మరిస్తే జీతంలో కోత. వెర్న్ దీన్ని హాస్యంగానే రాశాడు, కాని లెక్క మాత్రం సరిగ్గా రాశాడు.

మన మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టర్ పార్వతీశం (మొదటి భాగం 1924) కూడా ఇలాంటిదే. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయలుదేరిన పార్వతీశానికి ప్రయాణం గురించి ఒక్క వివరమూ సరిగా తెలియదు. ఆడవాళ్ల టోపీ కొనుక్కుని దొరల్లో తిరుగుతాడు. మనం పగలబడి నవ్వుతాం. ఆ నవ్వులో విషం లేకపోవడానికి రచయిత మంచితనం ఒక కారణం. సీమకు పోయి చదువుకోగల స్థోమత వున్న కుటుంబం పిల్లవాడు కావడం రెండో కారణం. అతను నవ్వులపాలవుతాడేగాని నాశనం కాడు. ఇదే టోపీ పొట్టకూటికి పోయిన కూలివాడి నెత్తిన వుంటే మనం నవ్వగలమా?

ఈ మరుపు యాత్రికులకు పూర్తిగా ఎదురు నిలబడే మనిషి ఏనుగుల వీరాస్వామయ్య. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట తల్లి, కుటుంబం, బోయీలు, నౌకర్లు కలిపి వందమంది దాకా పరివారం. తిరుపతి మీదుగా కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి హైదరాబాదు మీదుగా కాశీకి పోయాడు. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపిన సంగతులు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. అప్పటికి రచయిత మరణించి రెండేళ్లు. తర్వాత 1941లో దిగవల్లి వెంకటశివరావు పీఠికతో, వివరణలతో మళ్లీ వెలుగు చూసింది.

ఈ పుస్తకంలో మరుపుకు చోటు లేదు. ఏ వూరికి ఎంత దూరం, నీళ్లు ఎలా వున్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి వసతి వుందా, దారి రాతినేలా ఇసుకా - అన్నీ వున్నాయి. అప్పటి కర్నూలు నవాబు పాలనలో శ్రీశైలం పోయే యాత్రికుల దగ్గర సుంకం గుంజే తీరు కూడా నమోదైంది. నవాబు పాలన 1839లో పోయింది గనుక అది పోవడానికి కొద్ది ముందు కాలపు సాక్ష్యం అది. కేవలం భక్తుడు రాసివుంటే గుళ్లూ దేవుళ్లే మిగిలేవి. కోర్టులో అడిగినదానికి లెక్కగా జవాబు చెప్పే వృత్తి చేసినవాడు కనుక దారికి కూడా వాంగ్మూలం రాశాడు. తెలుగు యాత్రారచన ఆరంభమే ఇలా జరిగిందన్నది గుర్తుపెట్టుకోవాలి. మన తొలి యాత్రాగ్రంథం వెనక వచ్చేవాడు దారి తప్పకూడదని రాసింది. దారి తప్పడంలో వున్న అందం చెప్పడానికి కాదు.

అయితే వీరాస్వామయ్యను పొగిడి వూరుకోలేం. ఆయన ఏదీ మరిచిపోకుండా రాయగలిగాడంటే పల్లకీ మోసినవాళ్లు, సామాన్లు మోసినవాళ్లు, ముందుగా పోయి మకాం చూసినవాళ్లు వున్నారు. నల్లమల రాళ్ల మీద పడిన అడుగులు వాళ్లవి. వాళ్ల మాటగా ఆ యాత్ర మనకు దొరకదు. కానీ అంత వివరం వుండబట్టే ఆ మోత ఎంతటిదో ఈనాడు మనం వూహించగలుగుతున్నాం. వివరం వున్నచోట రచయిత చెప్పనిది కూడా బయటపడుతుంది. వివరం లేనిచోట రచయిత చెప్పదలచుకున్నది కూడా నిలవదు.

ఇప్పుడు మన కాలానికీ మన నేలకూ వద్దాం. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో వాన మొగం చాటేస్తే జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి, బెంగుళూరులో ఇళ్లు కట్టడానికి పిల్లాపాపలతో ఇంటికి తాళం వేసి బండెక్కుతారు. వాళ్లకు ప్రయాణ వివరమంటే ఏమిటి? మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంత, కిలోకు కూలి ఎంత, రేషను కార్డు ఎవరి దగ్గర పెట్టారు, బడి మానిన పిల్ల పేరు రిజిస్టరులో వుందా లేదా. వీటిలో ఒక్కటి మరిచినా జరిగేదాన్ని ఎవరూ సాహసమనరు. అప్పు అంటారు. పిల్ల చదువు పోవడం అంటారు. 2020 మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు పట్టణాల నుంచి వందల మైళ్లు నడిచినవాళ్లు ఏ వివరమూ మరిచిపోలేదు. వాళ్లనే మరిచిపోయారు. మరుపు ప్రయాణికుడిది కాక పాలకులది అయినప్పుడు అది ఎంత ఘోరమో ఆ నడక చూపింది.

పాత కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ పోయినవాళ్ల సంగతి ఇంకో రకం. ఇంటిపని వీసా వేరు, కంపెనీ వీసా వేరు. ఒకదాని మీద పోయి ఇంకొక పని చేస్తే నేరం. ఈ ఒక్క వివరం ఏజెంటు చెప్పకపోవచ్చు, చెప్పినా తొందరలో చెవికెక్కకపోవచ్చు. సేఠు పెట్టే బాధ పడలేక బయటికి వచ్చినవాళ్లను అక్కడి మన జనం ఖల్లివల్లి అంటారు. పాస్‌పోర్టు చేతిలో లేని మనిషి కాళ్లకు పసరు కరిగిన మనిషే. కువైట్ ప్రభుత్వం 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అలాంటివాళ్లకు జరిమానా, జైలు లేకుండా ఇంటికి పోయే అవకాశం వచ్చింది. ప్రవరుడు చేతులు జోడిస్తే అగ్ని అప్పుడే వచ్చాడు. వీళ్ల అగ్ని కొన్నేళ్లకొకసారి వస్తాడు, గడువు పెట్టి వస్తాడు.

తిరుగుదారి అసలే లేనివాళ్లు కూడా వున్నారు. వీరాస్వామయ్య కృష్ణ దాటిన నివృత్తి సంగమం ప్రాంతం శ్రీశైలం జలాశయం కిందికి పోయింది. సంగమేశ్వరాలయం ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే బయటపడుతుంది. 1981 ప్రాంతంలో ఖాళీ చేయించిన వూళ్లు మాత్రం నీళ్లు తగ్గినా తిరిగి రావు. ఆ జనానికి వూరు ఎక్కడుందో బాగా జ్ఞాపకం వుంది. పోవడానికి అక్కడ వూరే లేదు.

మరి మన సీమ కథ ఈ ప్రయాణాలను ఎలా పట్టుకుంది? కరువు మీద, రైతు మీద మనకు గట్టి కథలున్నాయి. రా.రా. 1968లో కడప నుంచి సంవేదన పత్రిక నడిపిన కాలం నుంచి ఇక్కడి విమర్శ రచయితలను నేలమీద నిలబడమని హెచ్చరిస్తూనే వుంది. కేతు విశ్వనాథరెడ్డి కథలు ఆ నిలబడటానికి నిదర్శనం. కాని వలస మీద ఈమధ్య రాస్తున్న కథలు చాలా మట్టుకు ఒకే అచ్చులో వస్తున్నాయి. మొదట ఎండిన చెరువు, తర్వాత బస్సు, చివర వెనక మిగిలిన ముసలి తల్లి కన్నీళ్లు. నడుమ ప్రయాణం లేదు. బస్సు ఎక్కడ ఆగింది, డబ్బు ఏ గుడ్డలో కట్టుకున్నారు, పిల్లవాడు ఏం మరిచివచ్చాడని ఏడ్చాడు, రాత్రి దిగినచోట నీళ్లు ఎవరిని అడిగారు అన్నవి లేవు. అంటే ఇక్కడ వివరం మరిచింది పాత్ర కాదు, రచయిత. రచయిత మరిస్తే కథ పుట్టదు, చస్తుంది. జాలి మిగులుతుంది. జాలి చూపడానికి సాహిత్యమే అక్కర్లేదు.

అందుకని కొత్తగా రాసేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇది. పెద్దన దగ్గర ఒకటి నేర్చుకోండి. ఒక్క చిన్న వివరం ఎక్కడ జారిందో సరిగ్గా ఆ చోటు పట్టుకుంటే మొత్తం జీవితం దాని వెంట కదిలి వస్తుంది. వీరాస్వామయ్య దగ్గర ఇంకొకటి నేర్చుకోండి. దూరం, ధర, నీళ్లు, దారి - వీటిని రాయడం సాహిత్యానికి చిన్నతనం కాదు. ఈ ఇద్దరూ చూడనిదాన్ని చూడవలసిన బాధ్యత మనది. ప్రయాణం చేసినవాడి వెనక వండినవాళ్లను, మోసినవాళ్లను, మోసపోయినవాళ్లను చూడాలి.

దారి తప్పడం గొప్ప అనుభవమని రాసేవాళ్లను రాయనివ్వండి. కాని అలాంటి పుస్తకం చేతికి వచ్చినప్పుడు విమర్శకుడు మొదట వెతకవలసింది రచయిత ఎంత దూరం పోయాడన్నది కాదు. తిరుగు టిక్కెట్టు ఎవరి దగ్గర వుందో వెతకాలి. సుగ్గికి పోయే పిల్ల రేపు తన ప్రయాణం తానే రాస్తుంది. అప్పుడు ఆ పిల్ల ప్రవరుడు అడగడం మరిచిపోయిన ప్రశ్నతోనే మొదలుపెడుతుంది. ఆ పుస్తకాన్ని చదవడానికి మన విమర్శ ఇప్పటినుంచే సిద్ధం కావాలి.